చెవితో నీళ్లు తాగే మా పెద్దమ్మ

మా పెద్దమ్మ నీళ్లను ముందు చెవితో తాగుతుంది, తర్వాతే నోటితో. చెప్తే నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం. గ్లాసు నింపాక దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. లోపల బుడగలు చిటచిటమని పగులుతుంటే వింటుంది. "బాగా కబుర్లు చెప్తున్నాయి" అందంటే ఆ గ్లాసు మీ చేతికొస్తుంది. "నసుగుతున్నాయి" అందంటే తొట్టిలో పారబోసి మళ్లీ పడుతుంది. మీ వెనక ఎంతమంది నిలబడ్డా, మీ గొంతు ఎంత ఎండిపోయినా ఆవిడకు పట్టదు.

ఆవిడ ఉద్యోగమే అది. మా కొండ కింద పుట్టుకతోనే గ్యాసున్న నీటి ఊట ఒకటుంది. దాని మీద కట్టిన గదిలో నిలబడి వచ్చినవాళ్లకు నీళ్లు పోస్తుంది, దుకాణాలకు వెళ్లే సీసాలు చేత్తో నింపుతుంది. ఆ సీసాలను వ్యానులో వేసుకుని ఊరంతా తిరిగేవాణ్ణి నేను. చదువు మధ్యలో మానేశాను. ఎందుకు మానేశావని అడిగినవాళ్లకు జవాబు చెప్పి చెప్పి విసుగొచ్చింది కాబట్టి ఇక్కడ చెప్పను. ఈ కథ నాది కాదు, ఆవిడది.

యంత్రంతో గ్యాసెక్కించే సోడా వేరు, ఇది వేరు. మా కొండ ఒకప్పుడు అగ్నిపర్వతం. ఇప్పుడు పైన చెట్లు మొలిచి పెద్దమనిషిలా కూర్చుంది గానీ, బాగా లోతున రాయి ఇంకా వేడిగానే ఉంది. ఆ వేడి రాయి వదిలే కార్బన్ డయాక్సైడు పగుళ్ల వెంట పైకి పాకుతుంది. వాన నీళ్లు అవే పగుళ్ల వెంట కిందికి దిగుతాయి. రెండూ చీకట్లో, ఊపిరాడని ఒత్తిడిలో ఎదురుపడతాయి. గ్యాసు నీళ్లలో కరిగిపోతుంది. దాంతో నీళ్లకు పులుపొస్తుంది. ఆ పులుపుతో రాళ్లను కొరుక్కుంటూ, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము దొరికినంత వెంటేసుకుని పైకొస్తాయి. ఇంత సంగతినీ పెద్దమ్మ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది: "కొండకు తేన్పులొస్తాయి, మనం సీసాలో పట్టుకుంటాం." పిల్లలు ఆ మాటకు పడీపడీ నవ్వుతారు. పెద్దవాళ్లు మాత్రం చేతిలో సీసా వంక ఓసారి అనుమానంగా చూస్తారు.

నీళ్ల గది చిన్నదే. రాతి నేల, గోడకు గ్లాసుల అరలు, ఒక పొడుగాటి చెక్క బల్ల. బల్ల వెనక నేలలో ఒక గుంట. మెట్లు దిగితే అడుగున రాతిలోంచి పొడుచుకొచ్చిన పాత మట్టిగొట్టం, దాంట్లోంచి సన్నగా, తొందర లేకుండా వచ్చే నీళ్లు. ఆ నీళ్లు తగిలిన రాయంతా ఎర్రగా ఉంటుంది. నీళ్లలో ఉన్నంతసేపూ కనబడని ఇనుము గాలి తగలగానే తుప్పై కూర్చుంటుంది మరి. గోడకు అవతల పెద్ద షెడ్డు. అక్కడ బోరునీళ్లకు యంత్రం గ్యాసు కొలిచి ఎక్కిస్తుంది, సీసాలు వరసకట్టి నడుస్తాయి, పగలంతా ఒకటే రొద.

గుంటలోకి దిగడానికి ఒక పద్ధతుంది. ఈ గ్యాసు గాలికంటే బరువు. కళ్లకు కనబడకుండా, వాసన రాకుండా గుంట అడుగున చెరువులా నిలుస్తుంది. తెలియక దిగితే మనిషి లేవడు. అందుకని పెద్దమ్మ ఒక డబ్బాలో కొవ్వొత్తి వెలిగించి, తీగకు కట్టి కిందికి వదిలేది. వెలుగుతుంటే దిగేది. ఆరిపోతే గుంట అడుగునున్న తూము తెరిచి, గ్యాసు కొండ వాలులోకి జారిపోయేదాకా బయట కూర్చుని ఎవరినో ఒకరిని ఆటపట్టించేది. ఆ ఎవరో ఒకరు ఎక్కువగా నేనే.

ఇక పెదనాన్న. ఈ గదీ, ఆ షెడ్డూ కలిసిన కర్మాగారంలో పైపుల పనంతా ఆయనదే. నోట్లో నాలుక లేని మనిషి. ఎక్కడ నీళ్లు కారినా రెంచి పట్టుకుని ప్రత్యక్షమవుతాడు, బాగుచేస్తాడు, చప్పుడు లేకుండా మాయమవుతాడు. పెద్దమ్మ ఇంట్లో వంద మాటలంటే ఆయన ఒక "ఊఁ" అంటాడు. అది కూడా మంచి హుషారుగా ఉన్నరోజే. "ఈయనతో కాపురం చేశాక కొండ తేన్పు కూడా కచేరీలా వినిపిస్తోందిరా నాకు" అంటుంది ఆవిడ. ఆయన వింటూనే ఉంటాడు. రెంచి తుడుచుకుంటూ ఉంటాడు.

మాటల్లో లేని ప్రేమంతా ఆయన పైపుల్లో పెడతాడు. పెద్దమ్మ మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పిన వారంలో ఆయన ఎవరికీ చెప్పకుండా పాత మట్టిగొట్టం ఊడదీశాడు. ఊట నోటికి కొత్త పైపు బిగించి, బల్ల కిందుగా వంపు తిప్పి, బల్ల మీద తళతళలాడే కుళాయి పెట్టాడు. గుంట మీద మూత వేసేశాడు. "ఇక దిగక్కర్లేదు" అన్నాడు. ఆయన లెక్కలో అది ఉపన్యాసం.

పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది. కుళాయి ముందు నిలబడి అందరికీ చూపించుకుంది. "మా ఆయన చేశాడు. నాకోసం. నడుం వంచకుండా మహారాణిలా పోస్తాను చూడండి." మొదటి రోజుల్లో ఆ కుళాయి మహారాణిని కాస్త ఇబ్బంది పెట్టింది. తిప్పగానే తుపుక్కున ఉమ్మేది. ఏప్రన్ తడిసేది, ఒక్కోసారి మొహం కూడా. పెదనాన్న ఒక మధ్యాహ్నం బల్ల కింద దూరి ఏదో చేసి పలకలు మళ్లీ బిగించాడు. ఆ తర్వాత కుళాయి బుద్ధిగా, పట్టులా జారింది. ఒక్క చుక్క చిందలేదు.

అక్కణ్ణించే మొదలైంది.

దుకాణాలవాళ్లు సీసాలు వెనక్కి పంపడం మొదలెట్టారు. "ఏమయ్యా వ్యానబ్బాయ్, మూత తీస్తే చప్పుడే లేదు. ఇవి నీళ్లా, కొండ కన్నీళ్లా?" అన్నాడు మూలమీది దుకాణదారుడు. నాకూ కోపమొచ్చింది. మూత తీసి తాగి చూశాను. చప్పగా ఉన్నాయి. కోపం మింగేసి సీసాలు వ్యానులో పెట్టుకున్నాను. మరేం చెయ్యను?

మేనేజరు పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికి వీలుగా ఉండేది. "పెద్దమ్మగారూ, ఊటలో గ్యాసు తగ్గిపోతున్నట్టుంది. కొండ ముసలిదైపోయిందేమో. ప్రయోగశాల నుంచి మనిషిని పిలిపించాను, వచ్చే వారం కొలుస్తారు. లేబుల్ మీద రాసినంత లేకపోతే పాత ఊటను మూసి సిమెంటు పోయించక తప్పదు. మీరేం దిగులు పడకండి, షెడ్డులో లేబుళ్ల బల్ల దగ్గర మీకు కుర్చీ వేయిస్తాను" అన్నాడు.

"కుర్చీలో కూర్చుని అబద్ధపు సోడాకు లేబుళ్లు అంటించాలా నేను?" అంది పెద్దమ్మ. "పై వీధిలో ఎవరో బోరు వేశారు. నా నీళ్లు లాగేస్తున్నారు. వాళ్లను పట్టుకోండి ముందు."

పై వీధికి నన్నూ తీసుకెళ్లింది. బోరు వేసిన ఇంటాయన తలుపు తీసేసరికి తిట్లు తయారుగా పెట్టుకుంది. ఆయన పాపం, లోపలికి పిలిచి బోరునీళ్లు ఇచ్చాడు. పెద్దమ్మ గ్లాసు చెవి దగ్గర పెట్టుకుంది. మామూలు నీళ్లు. "మీ బోరు మూగదండీ" అని ఓదార్చి, ఆయన ఇచ్చిన బిస్కెట్లు తిని వచ్చేశాం.

తిరిగొస్తుంటే వ్యానులో పెద్దమ్మ మాట్లాడలేదు. అది ఎంత అపశకునమో మా కుటుంబంలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. చివరికి కిటికీలోంచి బయటికి చూస్తూ అంది:

"ఒరేయ్, ఎవరికీ చెప్పకు. నాకు చెవులు పోతున్నాయి."

"నీకా? పక్కింట్లో గుసగుసలాడుకుంటే మనింట్లోంచి సలహా ఇస్తావు కదే!"

"ఎగతాళి వద్దురా. గ్లాసు చెవి దగ్గర పెడితే ఏమీ వినబడట్లేదు. గ్లాసు పక్కన పెడితే మాత్రం చెవిలో ఒకటే బుస. పాము పడగెత్తినట్టు. పొద్దున్నే షెడ్డులో యంత్రం మొదలెట్టకముందు సీసాలు నింపుతానా, అప్పుడు మరీను. ఇంటికొస్తే పోతుంది."

"ఇంట్లో పెదనాన్న గురకకు భయపడి పోతుందేమోలే."

ఆవిడ నవ్వలేదు. "ఊట పోతే పోనీ అనుకోవచ్చురా. కొండ కదా, దాని ఇష్టం. కానీ ఊట బాగానే ఉండి, నా చెవులే పాడై, నేనే చప్పటి నీళ్లు సీసాల్లో పట్టి పంపుతున్నానేమో. ఆ కొలిచేవాళ్లు వచ్చి అది నలుగురి ముందూ చెప్తే నేను ఆ గదిలో ఎలా నిలబడను?"

ఇంటికెళ్తే పోయే చెవుడు ఎక్కడైనా ఉంటుందా? ఆ ప్రశ్న ఆవిడకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆ సాయంత్రం వ్యాను గేరు నా చేతికి బరువుగా తగిలింది.

ప్రయోగశాల నుంచి కొలిచే అమ్మాయి పెద్ద పెట్టెతో దిగింది. పెట్టె నిండా సీసాలే. రాగానే పెద్దమ్మ ఆ పిల్లకు సీసాలమ్మాయి అని పేరు పెట్టేసింది. "మా దగ్గర సీసాలు లేవనుకుందా, ఇంటినుంచి మోసుకొచ్చింది." కానీ ఆ అమ్మాయి పని చేస్తుంటే మాత్రం పెద్దమ్మ నోరు మూసుకుని చూసింది. సన్నటి గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి, నీళ్లు కింద నుంచి నిండి, పైనుంచి పొర్లిపోయేదాకా ఆగి, ఒక్క గాలిబుడగ మిగలకుండా మూత బిగించింది. "గాలి తగిలితే గ్యాసు పారిపోతుందండీ, ఆమ్లం లెక్క మారిపోతుంది. అందుకే ఇక్కడికిక్కడే కొలవాలి" అంది.

"చూశావా, తొందర లేదు. చెయ్యి తిరిగిన పిల్ల" అని నా చెవిలో గొణిగింది పెద్దమ్మ. పెదనాన్న గుమ్మం దగ్గర రెంచితో నిలబడి ఉన్నాడు. మేనేజరు గడియారం వైపు చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నాడు. అవతల యంత్రం రొదపెడుతోంది.

సీసాలమ్మాయి ఒకసారి కొలిచింది. మొహం ముడిచింది. మళ్లీ కొలిచింది.

"లేబుల్‌లో రాసినదాంట్లో సగం కూడా లేదండీ" అంది మెల్లగా. "ఖనిజాలన్నీ ఇంచుమించు పాత లెక్కల్లాగే ఉన్నాయి. గ్యాసే తగ్గింది. కింద నుంచి రావడం తగ్గి ఉండొచ్చు. అలా జరుగుతుంటుంది."

మేనేజరు నిట్టూర్చాడు. "పెద్దమ్మగారూ..."

"ఆగండి." పెద్దమ్మ బల్ల వెనక్కి వెళ్లింది. గుంట మూత గొళ్లెం లాగింది. "కొండ పోయిందంటున్నారు. పోయిందో లేదో దాన్నే అడుగుతాను. నా చెవులతో కాదు, మీ అందరి కళ్లతో."

అరలోంచి పాత డబ్బా తీసింది. కొవ్వొత్తి వెలిగించి, తీగ పట్టుకుని గుంటలోకి వదిలింది. ఇదివరకు ఆ కొవ్వొత్తి చాలావరకు అడుగుకు వెళ్తేగానీ ఆరేది కాదు. ఇప్పుడు పై మెట్టు దాటిందో లేదో మంట అటూ ఇటూ ఊగి పుసుక్కున ఆరిపోయింది. పొగ పైకి రాకుండా గుంటలోనే పక్కలకు పరుచుకుంది.

"గ్యాసు లేదన్నారుగా?" అంది పెద్దమ్మ నడుం మీద చెయ్యేసి. "మరి దీన్ని ఊదిందెవరు? మీ తాతగారా?"

సీసాలమ్మాయి ఒక్క అంగలో వచ్చి పెద్దమ్మ భుజం పట్టి వెనక్కి లాగింది. జేబులోంచి చిన్న యంత్రం తీసి గుంట మీద పట్టింది. అది చెవులు చిల్లులు పడేలా అరిచింది. "అమ్మో, గుంట నిండా ఉంది! కొవ్వొత్తి ఆరేలోపే మనిషికి తల తిరుగుతుందండీ, ఇక దీన్ని నమ్మకండి." అంటూనే ఆ అమ్మాయి కళ్లు మెరిశాయి. "అయితే కింద నుంచి గ్యాసు వస్తోంది. బాగా వస్తోంది. నేను పొరబడ్డాను. కానీ సీసాలోకి రావడం లేదు. మధ్యలో ఎక్కడికి పోతున్నట్టు?"

అప్పుడే షెడ్డులో భోజనాల గంట కొట్టారు. యంత్రం ఆగింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

బుస్స్స్.

పెద్దమ్మ చెయ్యి గబుక్కున చెవి మీదికి వెళ్లింది.

"ఏంటా చప్పుడు?" అంది సీసాలమ్మాయి.

పెద్దమ్మ మెల్లగా చెయ్యి దించింది. "నీకూ వినిపిస్తోందా?"

"వినిపించకపోవడమేంటండీ, ప్రెషర్ కుక్కర్‌లా ఉంటే!"

"నాకూ" అన్నాను నేను. "నాకు కూడా" అన్నాడు మేనేజరు.

పెద్దమ్మ మా ముగ్గురి మొహాలూ చూసింది. తర్వాత నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. ఇప్పటికీ ఆ చోటు గుర్తుంది. "ఒరేయ్, నా చెవులు బాగున్నాయిరోయ్! బంగారంలా ఉన్నాయి! పాము బయటే ఉందిరా, నాలో కాదు!" ఊట ఉంటుందో పోతుందో ఇంకా తేలనేలేదు, అయినా ఆవిడ బల్ల చుట్టూ తిరిగేసింది. మోకాళ్లు నొప్పులంటారే, ఆ మోకాళ్లతోనే.

ఈ సందడిలో గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని ఎవరూ చూడలేదు. పెదనాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది" అన్నాడు. అందరం తిరిగాం. ఆయన నోట మాట రావడమే వింత. "అది గాలి గొట్టం. నేనే పెట్టాను."

బల్ల కింద పలకలు ఆయనే ఊడదీశాడు. పైపు వంపు మీద ఒక సన్నటి రాగి గొట్టం, అక్కడి నుంచి కిందికి వంగి గుంటలోకి. దాని మూతి చుట్టూ, వంపు చుట్టూ తెల్లటి రాయి పూవులా పేరుకుని ఉంది. సీసాలమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఆ తెలుపును గోటితో గీకింది. పండగ చేసుకుంటున్నట్టుంది ఆవిడ మొహం.

"ఇదిగో, దొరికింది దొంగ! గ్యాసు ఉన్నంతసేపే సున్నం నీళ్లలో కరిగి ఉంటుంది. గ్యాసు ఎక్కడ వదిలిపోతే అక్కడ సున్నం రాయై కూర్చుంటుంది. ఎక్కడ తెల్లగా ఉందో చూడండి. మీ గ్యాసు అక్కడే దిగిపోయింది."

పెద్దమ్మ బల్ల గట్టు మీద చెయ్యి పెట్టింది. "నా కుళాయి మూతికి కూడా తెల్లగా పట్టేది. వారం వారం వెనిగర్ పెట్టి తోముతున్నాను. పాత మట్టిగొట్టానికి ఎప్పుడూ ఎరుపే, తెలుపు చూసి ఎరగను. కొత్త కుళాయి కదా, సోకులనుకున్నాను." అని మొగుడి వైపు తిరిగింది. "ఏవయ్యా, కొండ కడుపులోంచి అంత దూరం ప్రయాణం చేసి నా గ్లాసు కోసం వచ్చిన గ్యాసుని, సరిగ్గా గుమ్మం దగ్గర పట్టుకుని గుంటలోకి తోశావా? ఎందుకయ్యా?"

"గాలనుకున్నా" అన్నాడు పెదనాన్న నేల చూస్తూ.

"గాలైతే మాత్రం? నీకేం అడ్డమొచ్చింది?"

"నీ మీద ఉమ్ముతోంది కదా." రెంచి చేతులు మార్చుకున్నాడు. "పొద్దున్నే చలిలో తడిసి వణుకుతున్నావు. చూడలేకపోయా."

పెద్దమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. మా కుటుంబంలో ఇంతకుముందు ఎవరూ చూడని దృశ్యం అది. మేనేజరు కిటికీలోంచి ఏదో చాలా ముఖ్యమైనది చూస్తున్నట్టు అటు తిరిగాడు. సీసాలమ్మాయి సీసాలు సర్దుకుంది. ఆ తర్వాత పెద్దమ్మకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, కడుపు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, బల్ల కొట్టి నవ్వింది. "ఇలాంటి మొగుడు ఎవరికైనా ఉన్నాడా? పెళ్లాం మీద చుక్క పడిందని అగ్నిపర్వతానికే చిల్లు పెట్టాడు!"

తూము తెరిచాం. గుంటలో గ్యాసు వాలులోకి జారిపోయి, సీసాలమ్మాయి యంత్రం నోరు మూసుకునేదాకా ఆగాం. పెదనాన్న దిగి కొత్త పైపు పీకేసి, దాచిపెట్టిన మట్టిగొట్టం మళ్లీ బిగించాడు. దాచాడన్నమాట, పారెయ్యలేదు. మొదటి గ్లాసు ఆయనే నింపి పైకి అందించాడు. సీసాలమ్మాయి చెయ్యి చాచింది గానీ పెద్దమ్మ ముందుగా లాక్కుంది. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

చెప్పక్కర్లేదు, నాకే వినిపించింది, నిలబడ్డ చోటికి.

"కబుర్లా?" అంది పెద్దమ్మ. "పెళ్లివారు దిగినట్టుంది!"

ఆ తర్వాత సీసాలమ్మాయి తన పద్ధతిలో గొట్టం దించి సీసా నింపి కొలిచింది. లేబుల్ మీద రాసినంతా ఉంది, ఇంకాస్త ఎక్కువే ఉంది. మేనేజరు తేలిగ్గా ఊపిరి వదిలి, "సిమెంటు బస్తాలు షెడ్డు నేలకు వాడుకుంటాలెండి" అన్నాడు. సీసాలమ్మాయి వెళ్లేముందు ఇంకో సీసా నింపుకుంది. అది లెక్క కోసం కాదట. ఈ గ్యాసుతోపాటు వచ్చే రవ్వంత హీలియం ఏ రకమో చూస్తే అది భూమిలో ఎంత లోతు నుంచి బయల్దేరిందో తెలుస్తుందట. "తెలిస్తే చెప్పమ్మా" అంది పెద్దమ్మ, "ఎవరింటి నుంచి వస్తున్నాయో తెలుసుకోకుండా ఇన్నేళ్లు కాపురం చేశాను." గ్లాసును చెవికి ఏ కోణంలో పెట్టాలో ఆ అమ్మాయికి నేర్పింది. అమ్మాయి తన అరిచే యంత్రాన్ని గుంట పక్క మేకుకు తగిలించి వెళ్లింది. పెద్దమ్మ కొవ్వొత్తి డబ్బాను అర మీదికి ఎక్కించేసింది. "కొవ్వొత్తి చెప్పాపెట్టకుండా పోతుంది, ఇది అరిచి చెప్తుంది. అరిచేవాళ్లే నయం. కావాలంటే మా ఆయన్ని అడగండి."

మోకాళ్ల సంగతి మాత్రం అలాగే ఉంది కదా. దానికి పెదనాన్నే దారి చూపించాడు, మాటల్లో కాదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, యంత్రం అరవడం లేదని చూసుకుని, తనే గుంటలోకి దిగి కూర్చున్నాడు. పైపుల పని తర్వాతట. గుంట అంచున పెద్దమ్మకు ఒక ఎత్తుపీట వేశాడు. ఇప్పుడు రోజూ అదే వరస. కింద ఆయన నింపుతాడు, పైన ఆవిడ వింటుంది, నేను వ్యానులో వేసుకుంటాను. మూలమీది దుకాణదారుడు మూత తీసి చప్పుడు విని నా వైపు కన్నుకొడతాడు.

మొన్న సీసాలు తీసుకోవడానికి వెళ్లేసరికి గుంటలోంచి పెదనాన్న గొంతు వినిపించి గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏమంటున్నాయి?"

"కబుర్లు చెప్తున్నాయి. నీకంటే నయం."

కాసేపు నీళ్ల చప్పుడు.

"నేను చెప్తే మాత్రం నువ్వు వింటావా ఏంటి?"

పెద్దమ్మ పీట మీదినుంచి కిందికి వంగింది.

"గ్లాసులో పట్టి పైకి పంపు," అంది. "వింటాను."